కాగితం మీద బరువు, కాటా మీద బరువు

ప్రశ్న: నేను షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. పోయినేడు ఇద్దరు స్నేహితులతో కలిసి 1946లో తయారైన పైపర్ జే-3 కబ్ అనే చిన్న విమానం కొన్నాడు. ఇద్దరే పట్టే గుడ్డ రెక్కల విమానం. పాత ఓనర్లెవరో ఇంజిన్ మార్చి 85 హార్స్‌పవర్‌ది పెట్టి, స్టార్టర్, జనరేటర్, బ్యాటరీ కూడా బిగించారట. కాగితాల్లో ఖాళీ బరువు 390 కిలోలని ఉంది. వచ్చే వేసవికి నేను వెళ్తే నన్ను ఎక్కిస్తానంటున్నాడు. కానీ ఇద్దరం కూర్చుంటే లెక్క కుదరడం లేదట. 'నాన్నా, ఓడల్లో పనిచేశావు కదా, బరువెలా తగ్గించాలో చెప్పు' అని ఫోన్ మీద ఫోన్. వాడి బరువు 82, నాది 74. నాకేమో ఓడ బరువు పెంచడమే తెలుసు గానీ తగ్గించడం తెలీదు. మీరే చెప్పాలి.
— విశాఖ, సింధియా నుంచి ఓ పాఠకుడు

జవాబు: అయ్యా, ఓడ మనిషిని విమానం బరువు అడిగిన మీ అబ్బాయి తెలివైనవాడే. ఓడకైనా విమానానికైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే. ఎంత బరువుందని కాదు, ఆ బరువు ఎక్కడుందని. దానికి తర్వాత వస్తాను. ముందు మీ లెక్క చూద్దాం.

జే-3 కబ్ గరిష్ఠ బరువు 1220 పౌండ్లు, అంటే 553 కిలోలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఖాళీ బరువు 347 కిలోలు, కొంచెం అటూ ఇటూ. మీ వాడిది 390. అంటే ఎనభై ఏళ్లలో 43 కిలోలు ఒళ్లు చేసింది. 553లోంచి 390 తీసేస్తే మిగిలింది 163. ట్యాంకు నిండా 45 లీటర్ల పెట్రోలుకి 33 కిలోలు. మీరిద్దరూ కలిసి 156. మొత్తం 189. అంటే 26 కిలోలు ఎక్కువ. సగం ట్యాంకుతో బయల్దేరినా ఇంకా తొమ్మిదీ పది కిలోలు ఎక్కువే. అబ్బాయి చెప్పింది నిజమే, లెక్క కుదరదు.

ఇప్పుడు నా అనుమానం. ఆ 390 ఎక్కడి నుంచి వచ్చింది? కాటా మీద పెట్టి తూచిందా, కాగితం మీద కూడికలు తీసివేతలు చేసిందా? పాత విమానాలకి ఇది పెద్ద జబ్బు. ఏదో ఏడాదిలో ఒకసారి తూస్తారు. తర్వాత స్టార్టర్ పెడితే దాని బరువు కలుపుతారు, రేడియో తీస్తే తీసేస్తారు. రంగు వేస్తే ఎవరూ కలపరు. ఇంకోటి. పాత కాలపు విమానాల ఖాళీ బరువులో ఇంజిన్ ఆయిల్ కలపరు, ఇప్పటి పద్ధతిలో కలుపుతారు. ఆ 390లో ఆయిల్ లేకపోతే ఇంకో మూడున్నర కిలోలు మీ నెత్తిన పడ్డట్టే. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు కాటా పట్టుకోమనండి.

తూచడం చిన్న పనేం కాదు. నేను నేవీలో ఎయిర్‌ఫ్రేమ్ పని నేర్చుకుని, బయటికొచ్చాక ఓ ఫ్లయింగ్ క్లబ్‌లో చేరాను. అక్కడ పుష్పక్‌లు ఉండేవి. మన హెచ్‌ఏఎల్ వాళ్లు 1958లో ఎగరేసిన 90 హార్స్‌పవర్ విమానం, దీనికి చుట్టం లాంటిదే. చేరిన నెలకి ఒకదాన్ని తూచే పని నాకు అప్పగించారు. మూడు కాటాలు, మూడు చక్రాలు. తోకని స్టూలు మీదికెత్తి విమానాన్ని మట్టంగా నిలబెట్టాను. నీళ్ల మట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. అంకెలు రాసుకుని గర్వంగా మా పెద్ద ఇంజినీర్‌కి చూపించాను. ఆయన కాగితం చూడలేదు, హ్యాంగర్ తలుపు వైపు చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది, బయట గాలి. 'రెక్కలకి గాలి తగిలితే ఏం చేస్తాయిరా?' అన్నాడు. ఎగరడానికి చూస్తాయి. ఆ మేరకు కాటా తక్కువ చూపిస్తుంది. తలుపులు మూసి మళ్లీ తూచాను. ఈసారి ఆయన కాక్‌పిట్‌లోకి తొంగిచూసి, సీటు వెనక నుంచి నా నాలుగు గిన్నెల టిఫిన్ క్యారేజీ బయటికి తీశాడు. 'ఒరేయ్, విమానం బరువులో నీ పప్పుచారు కూడా రాశావు' అన్నాడు. మూడోసారి తూచేటప్పటికి స్టూలు బరువు తీసేయడం మర్చిపోయానని నాకే గుర్తొచ్చింది. కొట్లో నూనె పోయించుకునేటప్పుడు సీసాకి ధడా కట్టమని అడుగుతాం కదా, ఇదీ అంతే.

నాలుగోసారి వచ్చిన అంకె కాగితం కన్నా 9 కిలోలు ఎక్కువ. ఆ 9 కిలోలు ఎక్కడున్నాయో వెతకడానికి రెండు రోజులు పట్టింది. తోక లోపలికి చెయ్యి పెడితే మట్టి గూళ్లు. కందిరీగలు ఏళ్ల తరబడి ఒకదాని పక్కన ఒకటి కట్టుకుపోయాయి. గట్టిగా, గోకితే రాలని మట్టి. అవన్నీ ఒక డాల్డా డబ్బాలోకి రాల్చి తూస్తే కిలోన్నర తేలింది. నేల మీద కార్పెట్ తీస్తే దాని కింద ఇంకో కార్పెట్, మధ్యలో ఎండిపోయిన జిగురు. ఎప్పుడో తీసేసిన రేడియో తాలూకు వైర్లు రెండు కొసలూ కత్తిరించి లోపలే వదిలేశారు. తోక చివర సీసం దిమ్మ ఒకటి, నాలుగు కిలోల పైచిలుకు. ఎందుకుందో ఎవరికీ తెలీదు. పాత లాగ్‌బుక్కులు తిరగేస్తే కథ బయటపడింది. ఎవరో ముక్కుకి బరువైన ప్రొపెల్లర్ పెట్టారు, ముక్కు బరువెక్కిందని ఇంకెవరో తోకకి సీసం కట్టారు. తర్వాత ప్రొపెల్లర్ మార్చేశారు. సీసం మాత్రం ఉండిపోయింది. పెట్టినవాళ్లిద్దరూ రిటైరై వెళ్లిపోయారు, బరువు మాత్రం డ్యూటీ చేస్తూనే ఉంది.

అందుకే మీ అబ్బాయికి మొదటి మాటగా చెప్పండి. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున లేనిదేదో వెతికి తీయమనండి. ఆ రోజు ఉన్నదాని జోలికి మాత్రం పోవద్దనండి.

కబ్ విషయంలో ఇది సులువు. ఎందుకంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికి అసలు కరెంటే లేదు. స్టార్టర్ లేదు, బ్యాటరీ లేదు, లైట్లు లేవు. ఒకాయన ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకునేది. మీ వాడి విమానంలో 43 కిలోల్లో సగానికి పైగా ఈ కరెంటు సామానే అయ్యుంటుంది. పాత రకం స్టార్టర్ ఎనిమిది కిలోల దాకా ఉంటుంది, జనరేటర్ ఐదు, మామూలు లెడ్ బ్యాటరీ పదకొండు. వాటి రెగ్యులేటరూ, బొటనవేలంత లావు వైర్లూ ఇంకో రెండు.

మొత్తం పీకేస్తే 26 కిలోలు, గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. అమెరికాలో చాలామంది కబ్ ఓనర్లు ఇప్పటికీ అలాగే, చేత్తో తిప్పే ఎగరేస్తున్నారు. కానీ నాకు ఇష్టం లేదు. చక్రాలకి చెక్కలు పెట్టి, తోకని తాడుతో కట్టి, లోపల తెలిసినవాణ్ని కూర్చోబెట్టి చేస్తే ఫర్వాలేదు. ఆలస్యమైందన్న తొందరలో ఒక్కడే వెళ్లి తిప్పిన రోజున ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీరు తండ్రి. మీకు టెన్షన్ లేని దారి చెప్తాను.

స్టార్టర్ ఉంచుకోమనండి, కానీ కొత్త రకం తేలికది పెట్టమనండి. నాలుగు కిలోల దగ్గర వస్తుంది, నాలుగు మిగులుతాయి. జనరేటర్ తీసేయమనండి, ఐదు పోయాయి. బ్యాటరీ స్థానంలో విమానాలకని ఆమోదించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, రెండున్నర కిలోలది. ఎనిమిదిన్నర పోయాయి. జనరేటర్ లేకపోతే ఛార్జింగ్ ఎలా అంటారేమో. ఎగిరొచ్చాక ఛార్జర్‌కి పెట్టుకోవడమే, ఫోన్‌కి పెట్టినట్టు. స్టార్ట్ చేయడానికి తప్ప దానికి వేరే పని లేదు. రెగ్యులేటర్, లావు వైర్లు కలిపి ఇంకో రెండు కిలోలు. ఇప్పటికి పందొమ్మిదిన్నర. సీట్ల దిండ్లు చూడమనండి. సోఫాలా మెత్తగా ఉండాలని ఎవరో లావు స్పాంజీలు పెట్టించే ఉంటారు. కార్పెట్లు, చప్పుడు రాకుండా అంటించిన షీట్లు, తలుపు పక్కన జేబులు, వాటిల్లో పాత మ్యాపులు. మూడు కిలోలకి తక్కువ రావు. ఇక కందిరీగల ఇళ్లు. టెక్సస్‌లో కందిరీగలకేం కొదవ?

ఇక్కడిదాకా సుమారు 23. నేను చెప్పినవన్నీ ఉజ్జాయింపు అంకెలు. తీసిన ప్రతి వస్తువునీ వాళ్లే తూచి రాసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. బరువు ఎక్కడుందన్నది.

మీది సింధియా కాబట్టి ఒకప్పుడు చేపల కావిడి మోసేవాళ్లని చూసే ఉంటారు. పెదజాలరిపేటలో మా చిన్నప్పుడు పొద్దున్నే కావిళ్లు బయల్దేరేవి. ముందు బుట్టలో చేపలు అమ్ముడవుతున్న కొద్దీ ఆ మనిషి కావిడి బద్దని భుజం మీద కొంచెం కొంచెం ముందుకి జరుపుకునేవాడు. తూచి కాదు, భుజానికే తెలిసేది. విమానానికి ఆ సౌకర్యం లేదు. దాని భుజం రెక్క, రెక్కని జరపలేం. ముందు బుట్టలో తీస్తే వెనక బుట్టలోనూ తీయాలి. లేదా వెనకదాన్ని ముందుకి తేవాలి.

ముందు తేలికైపోయి తోక బరువైతే ఏమవుతుంది? నేల మీద ఏమీ తెలీదు. గాల్లో వేగం తగ్గి రెక్క పట్టు వదిలినప్పుడు మామూలుగా ముక్కు దానంతటదే కిందికి వంగి, వేగం పుంజుకుని మళ్లీ పట్టు దొరుకుతుంది. తోక బరువైన విమానం వంగదు. గింగిరాలు తిరగడం మొదలెడితే ఆపడం కష్టం. బరువు ఎక్కువైన విమానం రన్‌వే మీదే 'నేను లేవలేను' అని చెప్తుంది. తోక బరువైన విమానం లేచాక చెప్తుంది. నేనైతే రెండోదానికే ఎక్కువ భయపడతాను.

లెక్క చూడండి. స్టార్టర్ దగ్గర నాలుగు, జనరేటర్ ఐదు. మొత్తం 9 కిలోలు ముక్కు దగ్గర పోయాయి. అవి తూకం కేంద్రానికి, అంటే విమానం ముందూ వెనకా సమంగా తూగే చోటుకి, 1.2 మీటర్లు ముందున్నాయనుకుందాం. 9 ఇంటూ 1.2, 10.8. ఆ మేరకు విమానం తోక వైపు మొగ్గుతుంది. పాత బ్యాటరీ వెనక సీటు వెనకాల, కేంద్రానికి 0.9 మీటరు దూరంలో ఉందనుకుందాం. 11 కిలోలు తీస్తే 9.9 ముక్కు వైపు మొగ్గుతుంది. దాదాపు సరికి సరి. కానీ కొత్త బ్యాటరీని పాత చోటే పెడితే మళ్లీ తోకకి బరువు. దాన్ని ముందు, ఇంజిన్ వెనకుండే ఫైర్‌వాల్ దగ్గర పెడితే మనకి కలిసొస్తుంది, పొగ గొట్టం వేడి తగలకుండా చూసుకోవాలి. ఈ దూరాలు నేను అనుకున్నవి. మీ వాడు టేపు పెట్టి కొలవాలి. కబ్‌కి కొలత రెక్క ముందు అంచు దగ్గర మొదలవుతుంది.

ఇంకో మూడు నాలుగు కిలోలు కావాలంటే ప్రొపెల్లర్ ఉంది. లోహపుది తీసి చెక్కది పెడితే ఐదు కిలోల దాకా తగ్గుతుంది. చెక్కది చూడ్డానికీ బాగుంటుంది, 1946 నాటి ముఖానికి అదే నప్పుతుంది. కానీ అది ముక్కు కొసన ఉంటుంది. 1.5 మీటర్లు వేసుకున్నా 7.5 తోక వైపు మొగ్గు. దీన్ని ఒక్కదాన్నీ చేయకూడదు, జంటగా చేయాలి. తోక చక్రం చూడమనండి. తర్వాత వచ్చిన బరువైన రకం పెట్టి ఉంటే తేలికది దొరుకుతుంది. అక్కడ కిలోన్నర తగ్గితే చాలు. దూరం నాలుగున్నర మీటర్లు కాబట్టి 6.75 ముక్కు వైపుకి వస్తుంది. ముక్కు మీద ఐదు కిలోలకి తోక మీద కిలోన్నర జవాబు చెప్పింది. తోక దగ్గర గ్రాములు, ముక్కు దగ్గర కిలోలు అని మా పెద్ద ఇంజినీర్ అనేవాడు. చెక్క ప్రొపెల్లర్‌కి వానంటే పడదు. చినుకుల్లో జోరుగా తిప్పితే అంచు చెడిపోతుందని మాత్రం గుర్తు చేయండి.

రంగు సంగతి. మన ఫిషింగ్ హార్బర్‌లో పడవకి ఏటేటా పాత రంగు మీద కొత్త రంగు కొడతారు చూశారా? ఓ చోట పెచ్చు ఊడితే నీలం కింద ఎరుపు, ఎరుపు కింద పచ్చ, ఉల్లిపొరల్లా కనిపిస్తాయి. గుడ్డ విమానాల మీదా అదే కథ. నిగనిగలాడాలని కోటు మీద కోటు. కానీ ఒక్క బరువు కోసం గుడ్డ మొత్తం విప్పించకండి, అది నెలల పని, లక్షల ఖర్చు. ఎలాగూ గుడ్డ మార్చే రోజు వస్తుంది. అప్పుడు తేలికపాటి పాలిస్టర్ గుడ్డ వేసి, రంగు పలచగా కొట్టించుకుంటే చాలు. పసుపు కబ్ దూరం నుంచి పసుపుగా కనిపిస్తే సరిపోతుంది, అద్దంలా మెరవక్కర్లేదు. గుడ్డ విప్పిన రోజున ముఖ్యంగా చూడాల్సింది లోపలి స్టీలు గొట్టాలు, తోక వైపు కింద ఉండేవి. నీళ్లు అక్కడికే చేరి లోపల్నుంచి తుప్పు పడతాయి. వెల్డర్‌కి ఆ గొట్టం తట్టి చూస్తే చప్పుడే చెప్తుంది. ఈ పనికి మీరే వెళ్లాలి!

ముట్టుకోకూడనివి చెప్తాను. ఫైర్‌వాల్. స్టీలు రేకు తీసి అల్యూమినియం వేస్తే కిలో తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషితో మాట్లాడటం మానేయమనండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, స్టీలుకి 1400 దాటాలి. ఇంజిన్ అంటుకుంటే కిందికి దిగే ఆ కొద్ది నిమిషాలు మీ కాళ్లకీ మంటకీ మధ్య ఉండేది ఆ రేకే. బోల్టులు మార్చకూడదు. బ్రాకెట్లకి బెజ్జాలు వేయకూడదు. బెల్టులు, మంటలార్పే సిలిండర్ తీయకూడదు. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఒంటరిగా వెళ్లినప్పుడు రేడియో వద్దన్నాడు, పారాచూట్ వద్దన్నాడు, పేము కుర్చీలో కూర్చున్నాడు, మ్యాపుల అంచులు కూడా కత్తిరించేశాడు. అంత పిసినారి కూడా గాలి ఊదుకునే రబ్బరు పడవ మాత్రం వెంట పెట్టుకున్నాడు. కింద ఉన్నది అట్లాంటిక్ కదా.

కాగితాల పని కూడా ఉంది. ఈ మార్పులు మీ వాడు గ్యారేజీలో సొంతంగా చేసుకునేవి కావు. అక్కడ ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) లైసెన్సున్న మెకానిక్ చేయాలి లేదా చూసి సంతకం పెట్టాలి. ఆ మోడల్‌కి ఆమోదం ఉన్న స్టార్టరూ బ్యాటరీయే వాడాలి. లాగ్‌బుక్కులో రాయాలి. చివరికి తలుపులు మూసిన హ్యాంగర్‌లో మళ్లీ తూచాలి, టిఫిన్ క్యారేజీ లేకుండా.

ఇంత కష్టానికి ఫలితమేంటి అంటే, మీరు ఎక్కగలగడం ఒక్కటే కాదు. మీరు వెళ్లేది వేసవిలో. టెక్సస్ ఎండ మన విశాఖ మే నెలకి తీసిపోదు. 35 డిగ్రీల ఎండలో సముద్రమట్టాన ఉన్న విమానానికి కూడా గాలి 2400 అడుగుల ఎత్తున ఉన్నంత పలచగా ఉంటుంది. అంటే బీచ్‌రోడ్డులో నిలబడే అరకు ఘాట్ సగానికి పైగా ఎక్కేసినట్టు. ఇంజిన్ నీరసిస్తుంది, ప్రొపెల్లర్‌కి పట్టు తగ్గుతుంది, రెక్కకీ అంతే. బరువు పదో వంతు తగ్గితే పరుగు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఆ తేడా రన్‌వే చివర చెట్ల దగ్గర తెలుస్తుంది.

మీ 74ని కూడా కాస్త చూసుకోండి. అందులో రెండు కిలోలు తగ్గించడానికి ఏ మెకానిక్ సంతకమూ అక్కర్లేదు.

కబ్‌లో నడిపేవాడు వెనక సీట్లో ఉంటాడు, మిమ్మల్ని ముందు కూర్చోబెడతాడు. అద్దం బయట, ఎదురుగా ఒక సన్నని కడ్డీ నిలబడి కనిపిస్తుంది. కింద ట్యాంకులో బెండు తేలుతుంటే దాని మీద నిలిచిన కడ్డీ అది. పెట్రోలు అయిపోతున్న కొద్దీ కిందికి దిగుతుంది. దాని మీద ఓ కన్నేసి ఉంచండి. ముందు సీటు మీదే కాబట్టి ఆ డ్యూటీ మీదే.

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. బీచ్‌రోడ్డులో ఉన్న టీయూ-142 నేవీ విమానం చూసినప్పుడల్లా ఇంత ఇనుము ఎలా లేస్తుందా అనిపిస్తుంది. చిన్న విమానాలకి బరువు సమస్య, పెద్దవాటికి ఉండదా?
— మద్దిలపాలెం నుంచి ఓ విద్యార్థి

జవాబు: బాబూ, ముందు అది ఇనుము కాదు. ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమలోహం. ఇనుముతో చేసి ఉంటే నువ్వనుకున్నట్టే లేచేది కాదు.

దాని ఖాళీ బరువు సుమారు 90 టన్నులు, గరిష్ఠంగా లేవగలిగింది 185 టన్నులు. అంటే తన ఒంటి బరువు కన్నా ఎక్కువ మోస్తుంది. పైన చెప్పిన కబ్‌ని తీసుకో. ఒళ్లు 347, గరిష్ఠం 553. మోసేది ఒంటి బరువులో అరవై శాతం లోపే. కాబట్టి చిన్నదానికి ఒక్కో కిలో పెద్ద విషయం. పెద్దదానికి కిలోల్లో లెక్క ఉండదు, టన్నుల్లో ఉంటుంది. సమస్య మాత్రం అదే. దాని బరువులో పెద్ద వాటా ఇంధనానిదే, మహాసముద్రం మీద గంటల తరబడి తిరగాలి కాబట్టి. ఆ ఇంధనం అంతా ఒకే చోట ఉంటే మళ్లీ కావిడి కథే. అందుకే రెక్కల్లో వేర్వేరు ట్యాంకుల్లో పెట్టుకుని, వరసగా వాడుకుంటూ పోతారు.

2017లో సర్వీసు నుంచి తప్పించాక అది మన ఊరికి ఎగిరే వచ్చింది. ఎయిర్‌ఫీల్డ్ నుంచి బీచ్‌కి మాత్రం ఎగరలేదు. భాగాలుగా విప్పి, లారీల మీద తెచ్చి, మళ్లీ బిగించారు. ఈసారి వెళ్లినప్పుడు టికెట్టు తీసుకుని లోపలికెళ్లు, బయట సెల్ఫీ దిగి వచ్చేయకు. పైకి అంత లావున్నా లోపల మనిషికి ఉన్న చోటు ఎంత ఇరుకో చూడు. బరువు గురించి నేను రాయగలిగినదాని కన్నా ఆ ఇరుకే ఎక్కువ చెప్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. థర్మాకోల్‌తో రిమోట్ విమానం చేసింది. విసిరితే ముక్కు పైకెత్తి, ఆగి, వెనక్కి పడుతోంది. యూట్యూబ్ చూసి ముక్కుకి రూపాయి బిళ్లలు అంటిస్తానంటోంది. సరేననమంటారా?
— మధురవాడ నుంచి ఓ తల్లి

జవాబు: అమ్మా, రూపాయలు దాచుకోమనండి. తోక బరువైందన్నంత వరకూ పాప సరిగ్గానే కనిపెట్టింది. కానీ బిళ్లలు అంటించడం చివరి మందు. ముందు బ్యాటరీని ముక్కు వైపుకి ఎంత జరపగలదో జరపమనండి. బరువు పెరగకుండా పని అయిపోతుంది. అప్పటికీ చాలకపోతే తోక వైపు చూడాలి. రంగు టేపు వరసలు వరసలుగా చుట్టి ఉంటుంది, జిగురు ముద్దలుగా ఉంటుంది, అవి తీసేయాలి. తోక పొడుగు, ముక్కు పొట్టి కదా. తోకలో ఐదు గ్రాములు మిగిలితే ముక్కుకి పదిహేనో ఇరవయ్యో కట్టాల్సొస్తుంది.

సరిపోయిందో లేదో చూడ్డం తేలిక. రెక్క కింద, ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య, రెండు వైపులా రెండు వేళ్లు ఆనించి ఎత్తమనండి. ముక్కు రవ్వంత కిందికి వాలి నిలబడితే సరి.

విసిరేది పొద్దున్న ఆరింటికి, సముద్రపు గాలి లేవకముందే, స్కూలు గ్రౌండ్‌లో. నేవీ ఎయిర్‌పోర్టు దరిదాపుల్లో మాత్రం వద్దు. అక్కడ ఆడుకునే విమానం కనిపించినా ముందు వచ్చేది సెంట్రీ.